పల్లపు చెక్కలో ఇలకూర

మా పొలమంతా ఒక ఎత్తు, పల్లపు చెక్క ఒక ఎత్తు. సిరవార ఊరికి ఇవతల, కాలువ కింద, వలసొచ్చిన రైతుల ఊరైన మా క్యాంపు పొలాల్లో బాగా పల్లంలో ఉన్న భూమి అది. పైవాళ్లు మడి నిండినా గండి మూయరు. ఆ నీరంతా మట్టిలోంచి ఊరుతూ వచ్చి మా దగ్గర ఆగుతుంది. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఇంటికి తిండిగింజలు ఆ చెక్కవే. తర్వాత్తర్వాత నారు నాటితే చివర్లు ఎర్రబడి, మధ్యమధ్యలో ఖాళీలు పడడం మొదలైంది. ఎండాకాలం వస్తే నేలమీద తెల్లగా ఉప్పు పొర. చవుడు తేలిందని క్యాంపులో అందరికీ తెలుసు. మా ఆయన మాత్రం ఆ మాట ఇంట్లో అననిచ్చేవాడు కాదు. భూమి కాస్త నీరసపడింది అనేవాడు, పిల్లకి జ్వరం తగిలినట్టు.

పోయినేడు ఆ చెక్కలో వరి మానేసి, చవుడు విరగాలని జిప్సం తోలించి, పచ్చిరొట్టకు జీలుగ చల్లాడు. జీలుగ ఏపుగా లేస్తే దాన్ని కలియదున్ని, మళ్లీ నాట్లు వేయాలని. ఇద్దరం ఆ ఆశ మీదే ఉన్నాం. ఆ చెక్క పోతే మిగిలిన మెరక ముక్కతో ఇల్లు గడవదు, ఎవరో ఒకరి పొలంలోకి కూలికి పోవాల్సిందే.

మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పొలం వైపు వెళ్లడమే తక్కువ. ఒకరోజు ఏం బుద్ధి పుట్టిందో, జీలుగ చూసొస్తానని వెళ్లి, కొంగునిండా ఏదో ఆకు కోసుకొచ్చింది. ముఖమంతా వెలిగిపోతోంది. ఇలకూర దొరికింది అంది.

ఆమె పుట్టిల్లు సముద్రం ఒడ్డున. మామగారి పొలమూ ఆ దాపులోనే ఉండేదట. ఇలకూరంటే మోకాలెత్తు పొద, బియ్యపు గింజల్లా ఉబ్బిన ఆకులు. ఉప్పు కయ్యల పక్కన, ఎండకీ గాలికీ జంకకుండా పెరుగుతుందట. పుస్తకాల్లో దాన్నేమంటారో నాకు తెలీదు. సిరవార సంతలో ఎవర్నడిగినా ఆ పేరు వినలేదన్నారు. ఆమె మాత్రం నేను ఏ ఆకు వండినా ఇలకూర ముందు ఇదెంత అని తీసిపారేసేది. వినీ వినీ నాకు విసుగెత్తిపోయింది. ఈ క్యాంపులోనే పుట్టిన నేను సముద్రమే చూడలేదు, దాని ఒడ్డున మొలిచే ఆకు గొప్ప నాకెలా తెలుస్తుంది?

నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వకుండా తనే వండింది. ఆకు ఉడికించి, నీళ్లు వార్చి, గట్టిగా పిండి, ఎండు రొయ్యల్లో వేసి వేయించింది. ఆమె కూనిరాగం తీయడం నేను వినడం అదే మొదలు. కూర నిజంగానే బావుంది. మా ఆయన మారు వడ్డించుకుని, ఉప్పు సరిగ్గా సరిపోయిందన్నాడు.

“ఉప్పెక్కడ వేశానురా? దీనికి వెయ్యరు. మట్టిలో ఉప్పంతా అదే పీల్చుకుంటది,” అంది నవ్వుతూ.

ఎక్కడిదని అడిగాడు. మన పల్లపు చెక్కలోదేనని, మీరు కలుపనుకున్న పొద ఇదేనని, జీలుగ కనపడనంతగా లేచిందని చెప్పింది. మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“మన ఊళ్లో ఇది లేచిన పొలాల్ని ఏం చేసేవాళ్లమ్మా?”

అప్పుడు తట్టింది ఆమెకు. ఉప్పెన నీళ్లు నిలిచి వరి చచ్చిపోతేనే వాళ్లు ఆ ఊరు విడిచి, ఇక్కడ నల్లరేగడి ఉందని వచ్చారు.

“ఏం చేస్తాంరా,” అంది. “వదిలేసి వచ్చేశాం.”

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మొక్క మీద, పైమడుల వాళ్ల మీద, ఆ ముసలామె సంతోషం మీద కూడా. పాపం, ఇన్నేళ్లకు ఆమె నోటికి ఇష్టమైంది దొరికితే, అది మా చెక్కలోనే దొరకాలా? ఆ తర్వాత ఆమె ఇలకూర పేరెత్తలేదు.

మా ఆయన పొదలన్నీ పీకించి దున్నించాడు. వాన పడగానే మళ్లీ లేచింది, ముందుకన్నా చిక్కగా. మురుగు పోవడానికి వాగుదాకా కాలువ తీద్దామంటే పక్కాయన పొలం మీదుగా పోవాలి. వరసకు బాబాయే అయినా, తన మడి చీల్చుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. గట్టు వార దున్నకుండా మిగిలిన కాస్త జీలుగా వాడి పడిపోయింది.

ఈ ఏడు నాట్లకు అందరూ మడులకు నీళ్లు పెట్టారు. మా ఆయన పల్లపు చెక్క గట్టుమీద ఊరికే కూర్చునేవాడు. ఒకరోజు అన్నం తీసుకెళ్లి నేనూ పక్కన కూర్చున్నాను. పక్క ఊరి మేకల కాపరి మందను తోలుకుంటూ వచ్చి ఆగాడు. మా గట్టుమీద మేక మూతి పెడితే చాలు, మా ఆయన కర్ర పట్టుకుని లేచేవాడు. ఆ సంగతి అతనికీ తెలుసు.

“అన్నా, ఈ బీడుల మేకల్ని మేపుకోనా? ఏం లేదు గద గీడ.”

చేనుని బీడన్నందుకు మీద పడతాడనుకున్నాను. పడితే బావుండునని కూడా అనుకున్నాను. మా ఆయన ఆ పొదలవైపు చూస్తూ, “తోలుకో,” అన్నాడు. మేకలు దిగడానికి దారిస్తూ కాళ్లు పైకి ముడుచుకున్నాడు.