బాలింత ఇంటి వంతు

మరియకుమారిది నరసాపురం దగ్గర పల్లె. ఎనభై మూడులో గల్ఫ్‌లో, అబుదాబికి దూరంగా ఉన్న రువైస్‌లోని ఒక కంపెనీ క్లినిక్‌లో నర్సుగా చేరింది. అక్కడ కాన్పులు చేసేవారు కాదు. నెలలు నిండినవాళ్లు ఎడారి దారిన అబుదాబి వెళ్లి, బిడ్డను ఎత్తుకుని తిరిగొచ్చేవారు. ఆపైన వాళ్లను చూసే దిక్కుండేది కాదు. వాళ్ల అమ్మలు సొంతూళ్లో, భర్తలు డ్యూటీలో.

ఒక శుక్రవారం ఆమె క్రేన్ ఆపరేటర్ వెంకట్రాములు భార్య, వారం కింద కాన్పై తిరిగొచ్చిన సాయవ్వను పలకరించడానికి వెళ్లింది. అంత ఎండల్లో సాయవ్వ దుప్పటి కప్పుకుని వణుకుతోంది. పెదాలు పగిలిపోయాయి. పక్కింటి భూమవ్వ బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది.

"నీళ్లు తాగుతోందా పెద్దమ్మా?"

"పచ్చి బాలింతకు నీళ్లెట్లిస్తం బిడ్డా? ఒళ్లు ఉబ్బుతది."

మరియకుమారి వాదన పెట్టుకోలేదు. పొత్తికడుపు మీద చెయ్యి ఆనించగానే సాయవ్వ కెవ్వుమంది. మైల గుడ్డ వాసనకు సంగతి తెలిసిపోయింది. "లోపల చీము పట్టిందండీ. ఇప్పుడే అబుదాబి వెళ్లాలి. మీరూ రండి. బిడ్డను పట్టుకోవడానికి మీకంటే ఎవరున్నారు?"

క్లినిక్ వ్యాను డ్రైవర్ మీరా హుస్సేన్ అన్నం ముందునుంచి లేచొచ్చాడు. "యల్లా, పదండి, ఎక్కండమ్మా!"

దారిపొడవునా మరియకుమారి ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాతో పోస్తూనే ఉంది. సాయవ్వ కళ్లు తెరిచి ఇంకొంచెం కావాలని సైగ చేసింది. అది చూసి భూమవ్వ బిడ్డను నర్సు చేతికిచ్చి, చెంచా తాను తీసుకుంది. ఆసుపత్రిలో సూదిమందు పడింది. జ్వరం దిగింది.

సాయవ్వ ఇల్లు చేరిన వారంలోనే మరియకుమారి ఆ కంపెనీ క్వార్టర్స్ ఆడవాళ్లను భూమవ్వ ఇంట్లో కూర్చోబెట్టింది.

"స్నానం, కాపడం, పత్యం మీకు తెలిసినట్టు నాకు తెలియవండీ. జ్వరం, రక్తం సంగతి నేను చూస్తాను. నీళ్లు మాత్రం మానిపించకూడదు."

భూమవ్వే దారి చెప్పింది. "వాము ఏసి కాగబెట్టిద్దాం. అవి గూడ నీళ్లే గద!"

అందరూ నవ్వారు. వంతులు వేసుకున్నారు. ఒకరు వంట, ఒకరు బట్టలు, ఒకరు పొద్దునా సాయంత్రం నుదురు చూడటం. ఒళ్లు కాలినా, గుడ్డలు ఎక్కువ తడిసినా వెంటనే క్లినిక్‌కు కబురు. ఇళ్లకు వెళ్లి చూస్తానని మరియకుమారి అడిగితే క్లినిక్ డాక్టరు సరేనన్నాడు.

తర్వాత మలయాళీలూ పాకిస్తానీలూ ఆ వంతుల్లో కలిశారు. మరుసటి ఏడు ఒక పఠాన్ వెల్డర్ భార్యకు కాన్పయితే మొదటి వంతు సాయవ్వే అడిగి తీసుకుంది. ఒకరి మాట ఒకరికి రాదు. సాయవ్వ ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. "ఖలాస్, బుఖార్ నహీ," అని వచ్చీరాని మాటల్లో జ్వరం లేదని చెబుతూ వాము నీళ్ల గ్లాసు అందించింది.