మిలుతిన్ ఉపవాసం

వాల్యెవో బస్టాండులో టిక్కెట్లిచ్చే మిలుతిన్ ఎవరింటికి విందుకెళ్లినా మరుగుదొడ్డికి దగ్గరగా ఉన్న కుర్చీయే చూసుకుంటాడు. పెద్దపేగు వాచి రక్తం పడే జబ్బు అతనిది. మెత్తటి అన్నమూ, తొక్క తీసి ఉడికించిన బంగాళాదుంపా తిన్నన్నాళ్లు కుదురుగా ఉంటుంది. కొవ్వుగానీ గింజలుగానీ పడితే తిరగబెడుతుంది. నలుగురిలో ఆ మాట చెప్పడానికి నోరు రాదు. అందుకే పంది మాంసం పళ్లెం తన దాకా వస్తే గుండె మీద చెయ్యేసుకుని, "ఉపవాసంలో ఉన్నాను, మాంసం ముట్టను" అంటాడు. ఊరంతా నమ్మింది. చర్చి గురువైతే అతన్ని చూసి నేర్చుకోమని అందరికీ చెప్పాడు.

ఈసారి పొరుగింటి దరింక పెద్దమ్మ తమ ఇంటిని కాచే పునీతుడి పండక్కి అతని ముందు ఓ మట్టిమూకుడు పెట్టింది. నిండా ఉల్లిపాయలతో మగ్గిన చిక్కుడుగింజలు. "నీ ఒక్కడి కోసమే వండాను నాయనా. మాంసం తగల్లేదు, ఒట్టు. మిగిల్చావో, ఊరుకోను!" కాదనడానికి ఇంకో అబద్ధం దొరకలేదు. మూకుడు ఊడ్చి తిన్నాడు. కాసేపటికే చెమటలు పట్టి, గబగబా వెళ్లి మరుగుదొడ్డి గడియ వేసుకున్నాడు. కడుపు పట్టుకుని ముడుచుకు కూర్చుంటే, అవతల మిలుతిన్ ఏడని ఎవరో అడగడం వినిపించింది. "మెల్లిగా మాట్లాడండర్రా," అంది దరింక పెద్దమ్మ. "దేవుడి పటాలున్న గదిలో ప్రార్థన చేసుకుంటున్నట్టున్నాడు." మిలుతిన్ చెయ్యి చాపి, చప్పుడు బయటికి వినపడకుండా కొళాయి పూర్తిగా తిప్పేశాడు.