ఫిల్టరు మింగేసిన గీత

2005లో తెనాలిలో ఒక విద్యాసంస్థల ట్రస్టు కార్యాలయంలో సిస్టమ్స్ మేనేజరుగా చేరాను. హోదా పెద్దదే గానీ, నా కింద ఉన్నవి రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోని మూడు కాలేజీలకు కలిపి ఒకటే వెబ్‌సైటు. దాని బాగోగులు చూడడం నా ఉద్యోగం. ఇప్పుడు చెప్పబోయేది 2007 జూన్ నాటి సంగతి.

మొదట్లో ఏ నోటీసు వచ్చినా నేనే ఎక్కించేవాణ్ని. ఆ చాకిరీ పడలేక, ఎవరి నోటీసు వాళ్లే పెట్టుకునే ఏర్పాటు చేశాను. ప్రతి కాలేజీ ఆఫీసుకీ ఒక పాస్‌వర్డు ఇచ్చాను. లోపలికి వెళితే తెల్లటి పెట్టె, దాని పైన వరసగా బటన్లు ఉంటాయి. అక్షరాలు లావు చేయడానికి ఒకటి, వాల్చడానికి ఒకటి, మధ్యలో గీత కొట్టడానికి ఒకటి. దీన్ని ఎడిటర్ అంటాం. బటన్ నొక్కినప్పుడల్లా తెర వెనక ఒక గుర్తు చేరుతుంది, దాన్ని ట్యాగు అంటాం. బ్రౌజరు ఆ ట్యాగును చూసి అక్షరాన్ని ఎలా చూపించాలో తెలుసుకుంటుంది.

నెల తిరక్కుండానే రేపల్లె వాళ్లు నా ప్రాణం తీశారు. ఎక్కడెక్కడివో కాపీ చేసి తెచ్చి అతికించేవారు. ఒక పేరాలో ఐదు రకాల అక్షరాలు. ఒకసారైతే అడ్మిషన్ల ప్రకటన ఎర్రగా, ఇంత లావున, తెర మీద అటూ ఇటూ పరుగులు పెట్టింది. ట్రస్టు సెక్రటరీ గారు నన్ను పిలిచి, ఇది కాలేజీయా సినిమా హాలా అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ కోపంలోనే ఫిల్టరు బిగించాను. ఫిల్టరంటే, పేర్ల జాబితా చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడే వాచ్‌మన్ అనుకోండి. జాబితాలో ఉన్న ట్యాగులనే బయటి పేజీలోకి వదులుతుంది. మిగతావి తీసేసి ఉత్త అక్షరాలు మాత్రం పంపుతుంది. పేరా, లావు, వాలు, లింకు, పట్టిక, ఈ ఐదింటికే అనుమతిచ్చాను. పేజీలన్నీ ఒక్కరోజులో బుద్ధిగా తయారయ్యాయి. నా భుజం నేనే తట్టుకున్నాను.

జూన్ రెండో వారంలో ఒక సోమవారం మధ్యాహ్నం షాహీనా అనే అమ్మాయి మా ఆఫీసుకు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. ఊరు తెనాలే. ఎనిమిదేళ్లుగా ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్లు చెబుతోంది. కుట్టుమిషన్లు బాగుచేసే వాళ్ల నాన్నకు చూపు తగ్గిన దగ్గర్నుంచీ ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. బాపట్ల కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు పోస్టుకు ఇంటర్వ్యూకు వెళ్లింది. శుక్రవారం వెబ్‌సైటులో ఎంపిక జాబితా పెట్టారు. అందులో ఉన్నవాళ్లు సోమవారం సర్టిఫికెట్లతో వచ్చి చేరాలని రాసి ఉంది. ఆమె శనివారం స్కూలుకు రాజీనామా ఇచ్చి, ఆ ఉదయం రైల్లో బాపట్ల వెళితే, నీకు ఉద్యోగం రాలేదు పొమ్మన్నారు.

నెట్ సెంటర్లో తీయించిన కాగితం నా ముందు పెట్టింది. ఒకటో నంబరు ఎదురుగా ఆమె పేరు, పక్కనే ఇంకొకరి పేరు. రెండు పోస్టులున్నాయనుకున్నానని చెప్పింది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

వెంటనే బాపట్లకు ఫోన్ చేసి కోటేశ్వరరావు గారి మీద విరుచుకుపడ్డాను. ఆయన అక్కడి గుమస్తా. ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఆఫీసులో చేసి రిటైరై, కర్లపాలెం నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ఆమెకు కాలేజీ ల్యాబులో అనుభవం లేదని ప్రిన్సిపాల్ చివర్లో పేరు కొట్టేసి, పక్కన వేరే పేరు రాసి పొట్టి సంతకం చేశారట. ఫైల్లో ఎలా ఉంటే అలాగే ఎక్కించానన్నారు.

"కొట్టేసిన పేరు చెరపకూడదు కదండీ. గీత కొట్టి, కింద పేరు కనపడేలా ఉంచాలి. అట్లాగే ఉంచాను, చూసుకోండి."

అబద్ధమాడుతున్నారనుకున్నాను. ఎడిటర్ తెరిచి చూస్తే షాహీనా పేరు మీద నిక్షేపంగా గీత ఉంది. బయటి పేజీలో లేదు. ఫిల్టరు జాబితాలో గీత ట్యాగు పెట్టలేదు. పోనీ, ఎడిటర్లోంచి ఆ బటనన్నా తీశానా అంటే, అదీ లేదు. ఆయన బటన్ నొక్కారు, గీత కళ్లారా చూసుకున్నారు. ఆయన చూసే తెర వేరు, ఊరంతా చూసే తెర వేరు. ఆ తేడా తెచ్చిపెట్టింది నేను.

ఉన్నదున్నట్టు షాహీనాకు చెప్పాను.

"నా పేరు మీద గీత ఉందని నాకెట్లా తెలుస్తుందండీ?" అంది.

ఏడవలేదు, గట్టిగా కూడా అనలేదు.

తప్పు కోటేశ్వరరావు గారిది కాదు, నాది అని సెక్రటరీ గారికి కాగితం రాసిచ్చాను. ఆయన చదివి, పోస్టు ఒకటే ఉందని, తానేమీ చేయలేనని చెప్పారు. ఆ కాగితం నకలు పట్టుకుని షాహీనాతో కలిసి వాళ్ల స్కూలుకు వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ గారు రెండుసార్లు చదివారు. మంచి మనిషే. పాఠాలు చెప్పేవాళ్లు దొరకడం కష్టమని, రేపటి నుంచే రమ్మని అన్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత హాజరు రిజిస్టరు తెరిచారు. సర్వీసు వరసలో మూడో పేరు షాహీనాది. దాని మీద శనివారమే ఎర్రసిరాతో గీత కొట్టి, పక్కన సంతకం చేసేశారు. ఆ గీత ఎలాగైనా తీసేయలేరా అని అడిగాను.

"కొట్టేసింది కొట్టేసినట్టే ఉంటుందండీ. కింద రాస్తాను," అన్నారు.

జాబితా చివర, పద్నాలుగో నంబరు వేసి, కొత్తగా చేరినట్టు పేరు రాశారు. జీతం కూడా కొత్తగా చేరినవాళ్లదే. షాహీనా తన పాత పేరు వంక ఒకసారి చూసి, కొత్త గడిలో సంతకం పెట్టింది.

ఆ సాయంత్రమే గీత ట్యాగును జాబితాలో చేర్చాను. కోటేశ్వరరావు గారికి ఫోన్ చేసి క్షమించమన్నాను. ఫరవాలేదండీ అన్నారు. మర్నాడు బాపట్ల వెళ్లి ఆయన పక్కన కూర్చుని, ఏ బటన్ దేనికి వాడతారో ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాను. ఆ పని ఫిల్టరు బిగించే ముందే చేయాల్సింది. ఎడిటర్లో ఉన్న ప్రతి బటన్‌కూ ఫిల్టరులో చోటుండాలి, లేదా ఆ బటనే ఉండకూడదు. అది తేల్చుకోవడానికి ముందు, ఆ బటన్ నొక్కే మనిషిని అడగాలి. నేను నేర్చుకున్నది ఇంతే.

2013లో నేను రిటైరయ్యేనాటికి, పైవాళ్లు కొందరు మానేయగా, ఆ స్కూలు రిజిస్టరులో షాహీనాది తొమ్మిదో నంబరు.