గుర్రం లేని చోట బిషప్పు

కళ్ళద్దాల షాపాయన చదరంగం ఆడేవాడు అనడం కన్నా అప్పజెప్పేవాడు అనడం న్యాయం. పుస్తకంలోంచి ఒకే ఒక్క ప్రారంభపు ఎత్తుల వరసను బట్టీ పట్టి, ఎవరితో కూర్చున్నా దాన్నే గడగడా ఆడేసేవాడు. ముందు రాజు ముందరి బంటు, తర్వాత గుర్రం, ఆ తర్వాత బిషప్పు. ఏ ఎత్తు ఎందుకో వివరించిన పేజీలూ అదే పుస్తకంలో ఉన్నాయి. కాని కబుర్లు చదివే తీరిక అంతటి ఆటగాడికి ఎక్కడిది?

క్లబ్బు పోటీలో ఆయనకెదురుగా రిటైరైన నర్సమ్మ కూర్చుంది. ఈయన బంటుకు ఎదురుగా తన బంటును నిలిపింది. ఈయన గుర్రం దూకి ఆ బంటు మీద గురిపెట్టింది. ఇప్పుడు ఆమె తన గుర్రాన్ని దానికి కాపలా తేవాలి. తేలేదు. ఎక్కడో అంచున ఉన్న బంటును ఒక గడి జరిపి ఊరుకుంది.

షాపాయన జాలిపడ్డాడు. "అక్కడ అలా ఆడరండీ."

"ఎందుకని?"

"పుస్తకంలో లేదు."

"నా దగ్గర ఆ పుస్తకం లేదు బాబూ."

పుస్తకం లేనివాళ్ళతో వాదమెందుకని, ఆయన తన వరస ప్రకారం బిషప్పును ఠీవిగా పంపాడు. ఆవిడ ఇంకో బంటుతో దాన్ని తరిమింది. అక్కణ్ణించి ఆయన రాజు పడ్డ అవస్థ చెప్పుకోకపోవడమే మర్యాద.

పావులు సర్దుతూ నర్సమ్మ అంది: "పొరపాటున జరిపాను బాబూ. నా నడిమి బంటు ఉత్తినే పోతుందని గుండె ఝల్లుమంది. మీరెందుకు కొట్టలేదు?"

ఆయన తన బిషప్పును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కాపలా కాసే గుర్రాన్ని బెదిరించడానికే కదా ఆ బిషప్పు వెళ్ళేది. గుర్రమే రాకపోతే ఎవర్ని బెదిరించడానికి?"

ఇన్నేళ్ళుగా తన బిషప్పు ఏ పని మీద వెళ్తోందో ఆయనకు ఆ పూటే తెలిసింది. ఇంటికెళ్ళి, తిప్పేసిన పేజీలన్నీ మొదట్నుంచీ చదివాడు. నడిమి గళ్ళ కోసమే ఆ తంటా అంతా అని అర్థమయ్యేసరికి మనిషికి కొత్త జబ్బు పట్టుకుంది: చెప్పడం. కళ్ళు పరీక్షించుకోవడానికొచ్చినవాళ్ళకు అక్షరాల బోర్డు చూపించే ముందు బిషప్పు కథ చెప్పేవాడు.

మళ్ళీ నర్సమ్మతో ఆడి, మళ్ళీ ఓడాడు.

"ఓడిపోయినా ఆ మొహంలో వెలుగేంటి?" అడిగింది భార్య.

"ఈసారి ప్రతి ఎత్తూ ఎందుకు వేశానో నాకు తెలుసే."

మొత్తం ఆట ఆమెకు వేసి చూపించాడు. ఎన్నడూ పావు ముట్టని ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఓపిగ్గా విని, "మరి మీ రాజునెందుకు అలా గాలికొదిలేశారు?" అంది.

షాపాయన ఆ సంగతి తర్వాత చెప్తానన్నాడు.