చూశానని సారుకు చెప్పలేదు

మొన్న ఆదివారం ఉదయం బెంగళూరులో ప్రాక్టీసు మొదలుపెట్టబోతుంటే దుత్తలూరు కుర్రాడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. రెండేళ్ళ తర్వాత వాడి పేరు నా ఫోన్లో కనబడటం అదే మొదలు. వాడికే ఏదో అయిందనుకున్నాను. "అన్నా, సారు పోయినారు. పొద్దున టీ తాగి మంచం మీద ఒరిగినారంట. మళ్ళా లేవలా" అన్నాడు. వస్తున్నానని చెప్పి పెట్టేశాను.

సారంటే ఆత్మకూరులో మాకు ఆటలు నేర్పిన డ్రిల్లు సారు. అనంతసాగరం దగ్గర గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి, చదువుకుని, బాస్కెట్‌బాల్ తప్ప ఇంకో ధ్యాస లేకుండా బతికిన మనిషి. మాది ఉదయగిరి. మా అబ్బా, అంటే నాన్న, చెక్కతో చెంచాలూ గరిటెలూ చేసేవారు. ఎనిమిదో తరగతికి నన్ను ఆత్మకూరు హాస్టల్లో వేశారు. పొడుగ్గా ఉన్నానని సారు నన్ను కోర్టులోకి లాగారు. పొడుగైతే ఉంది గానీ ఆట రాలేదు. పన్నెండు మంది జట్టులో ఆఖరివాణ్ణి. మూడేళ్ళలో నేను కోర్టులో ఆడిన సమయమంతా కలిపితే సినిమా ఇంటర్వెల్‌కి సరిపోతుందేమో.

అయినా సారు మమ్మల్ని ఊరికే కూర్చోనిచ్చేవారు కాదు. "బెంచీ మీదుండేవాడు ఆటలో లేడని ఎవురన్నారు?" అనేవారు. అవతలి జట్టు ఫౌళ్ళు గుర్తుపెట్టుకునే పని ఒకడిది. మాలో అందరికంటే బాగా ఆడేవాడు ఎన్ని నిమిషాలు ఆడాడో చూసే పని నాది. నిమిషానికొక సుద్దగీత నా కాళ్ళ దగ్గర నేలమీద గీసేవాణ్ణి. ఎనిమిది గీతలు కాగానే సారు మోచెయ్యి తట్టాలి. వాడెంత ఊపులో ఉన్నా సరే, ఆయన దింపేసేవారు. ఆటలో పదేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు. మూడోది ఇంకా రెండు నిమిషాలుందనగా మాత్రం నేను తట్టకపోయినా దింపేవారు. "మనం రెండు నిమిషాలిస్తే బ్రేకు ఇంకో రెండిస్తాది. నాలుగు నిమిషాల్లో ఊపిరి ఎనక్కొస్తాదబ్బయ్యా" అని నాకు చెప్పారు. దిగినవాడికి తడి తువ్వాలిచ్చి పక్కనే కూర్చునేవారు. తిట్టాల్సింది ఉన్నా ఆట అయ్యాకే.

ఆయన బంతిని పెద్దగా చూసేవారు కాదు. కాళ్ళు చూసేవారు. అలిసినవాడు ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు వంచడనీ, ఆట ఆగితే చాలు చొక్కా కొస పట్టుకుని ముందుకు వంగుతాడనీ మాకు చూపించేవారు. "మంద ముందర నడిచే పొట్టేలు అలిసినానని చెప్పదు. కూలబడినాకే తెలస్తాది. చూసుకోవాల్సింది మేపేవాడే" అనేవారు.

ఒకసారి నెల్లూరులో జిల్లా పోటీలు. ఆఖరి మూడు నిమిషాలు. మాలో అందరికంటే బాగా ఆడేవాడు కుంటుతున్నట్టు సారుకు అనిపించింది. మాకెవరికీ అనిపించలేదు. దింపారు. వాడు ఏడ్చాడు, వాళ్ళ నాన్న గ్యాలరీలోంచి దిగివచ్చి సారు మీదికి చెయ్యెత్తాడు. రెండు పాయింట్లతో ఓడిపోయాం. తిరిగొచ్చే బస్సులో ఎవరూ ఆయన పక్కన కూర్చోలేదు. సంగం దాటాక ఆయనే అన్నారు. "ఓడిపోయినాం. కాలైతే ఉండాది గదా." అప్పుడు నాకది ఓడినవాళ్ళు చెప్పుకునే మాటలా అనిపించింది.

ఆడటం రాకపోయినా ఆటను చూడటం వచ్చింది నాకు. దాంతోనే కోర్సు చేసి, బెంగళూరులో జీతాలిచ్చి ఆడించే ఒక క్లబ్బులో అసిస్టెంట్ కోచ్‌నయ్యాను. ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో చూసి, ఎవరిని ఎప్పుడు దింపాలో హెడ్ కోచ్‌కి చెప్పడమే నా ఉద్యోగం. ఆ సంగతి విని సారు చాలాసేపు నవ్వారు. "సుద్దముక్కకి జీతమిచ్చేవాళ్ళు కూడా ఉండారే" అన్నారు.

నాలుగేళ్ళ క్రితం ఆయనే దుత్తలూరు కుర్రాణ్ణి వెంటబెట్టుకుని బెంగళూరు వచ్చారు. ఆరడుగుల అయిదంగుళాలు, గాలిలో నిలబడినట్టు ఎగిరేవాడు. క్లబ్బువాళ్ళు చూసిన రోజే తీసుకున్నారు. వెళ్ళేముందు బస్టాండులో సారు నన్ను పక్కకి పిలిచి, "వీడు దిగమంటే దిగడు, దిగుతానని అడగడు. నువ్వే దింపాల. నీ చేతిలో పెట్టి పోతుండా" అన్నారు.

రెండేళ్ళు తిరగకముందే వాడు మా జట్టుకి పెద్ద పేరైపోయాడు. ప్రతి ఆట తర్వాతా సారు ఫోన్ చేసేవారు. గెలిచామా ఓడామా అని అడిగేవారు కాదు. "ఎన్ని నిమిషాలు?" అనేవారు. నేను ఇరవై ఎనిమిదనో ముప్పై అనో చెప్తే, "మంచిది" అని పెట్టేసేవారు.

రెండేళ్ళ క్రితం ఒక సెమీఫైనల్‌కి చేరాం. దానికి రెండు రోజుల ముందు ఆటలో వాడు నలభైకి ముప్పై ఎనిమిది నిమిషాలు ఆడాడు. సెమీఫైనల్ రోజు మూడో క్వార్టర్ సగంలోనే చొక్కా కొస పట్టుకున్నాడు. బాస్కెట్ కింద ఎగిరి, కర్రల్లా బిగిసిన కాళ్ళ మీద దిగాడు. నేను చూశాను. ఫ్రీత్రో కోసం ఆట ఆగినప్పుడు వాడు ఒకసారి బెంచీ వైపు తిరిగి నా మొహంలోకి చూశాడు. అదీ చూశాను.

హెడ్ కోచ్ నన్ను అడిగాడు, ఇంకా ఉండగలడా అని. మా వెనక వరుసలో క్లబ్బు యజమానులు కూర్చుని ఉన్నారు. ఆ నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది. తేడా నాలుగు పాయింట్లే. "ఉండగలడు" అన్నాను.

ఆట ముగియడానికి రెండు నిమిషాల ముందు వాడి మోకాలు పోయింది. చుట్టూ ఎవరూ లేరు, ఎవరూ తగల్లేదు. ఒంటరిగా ఎగిరి ఒంటరిగా కింద పడ్డాడు. ఆట మేమే గెలిచాం. నా కాంట్రాక్టూ నిలిచింది.

మర్నాడు పొద్దున సారు ఫోన్ చేశారు. వాడెట్టా ఉండాడని ముందు అడిగారు. లోపల లిగమెంటు తెగిందని డాక్టర్లన్నారు, ఆపరేషన్ చెయ్యాలంట సార్ అన్నాను. "నేను ఫోన్లో ఆట చూసినానబ్బయ్యా. మూడో క్వార్టర్లోనే వాడు చొక్కా పట్టుకున్నాడు. నువ్వు చూళ్ళేదా?" అన్నారు.

"చూళ్ళేదు సార్" అన్నాను.

"సరే" అన్నారు.

ఆ తర్వాత ఆయన నన్నెప్పుడూ నిమిషాలు అడగలేదు. రంజానుకి ఫోన్ చేసేవారు. మా అబ్బా ఆరోగ్యం అడిగేవారు. నా మీద కోపం తెచ్చుకునే సారు కావాలనిపించేది నాకు. ఆయనేమో పెళ్ళిలో కలిసిన దూరపు చుట్టంలా మర్యాదగా మాట్లాడి పెట్టేసేవారు. కుర్రాడికి ఆపరేషన్ అయింది గానీ ఆ ఎగరడం తిరిగి రాలేదు. క్లబ్బు వాణ్ణి వదిలేసింది. సారే ఆత్మకూరు పిలిపించుకుని, పొద్దునా సాయంత్రం పిల్లలకి ఆట నేర్పే పనిలో పెట్టుకున్నారు.

ఈ రెండేళ్ళలో నేను ఉదయగిరికి మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ బస్సు ఆత్మకూరు బస్టాండులో పది నిమిషాలు ఆగింది. అక్కణ్ణించి సారిల్లు నడిచిపోయేంత దూరం. ప్రతిసారీ, తిరుగు ప్రయాణంలో దిగి, ఆ రోజు చూశానని సారుకి చెప్పేద్దాం అనుకున్నాను. ఒకసారి బస్సు మెట్లు దిగాను కూడా. టీ తాగి మళ్ళీ సీట్లో కూర్చున్నాను.

కారు మాట్లాడుకుని ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, సారుని తీసుకెళ్ళిన ఆయన సొంత ఊరికి చేరాను. అమ్మ, అంటే సారు భార్య, నన్ను చూసి దగ్గరికి పిలిచింది. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, ఆయనతో ఒక మాట చెప్పాల్సి ఉండింది అమ్మా అన్నాను. ఏ మాటని ఆమె అడగలేదు.

"ఆ కుర్రోడి సంగతే గదా. నువ్వు చూసే ఉంటావని ఆయనకి తెలుసు నాయనా. మళ్ళా అడగరాదా అంటే, వాడి చేత రెండోసారి అబద్ధం ఆడించేదెందుకు, వాడే వస్తాడులే అన్నాడు" అంది.

ఆమె నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా దిగడం లేదు. రెండేళ్ళు ఆయన నా కోసం తలుపు తీసిపెట్టుకుని ఉన్నారు. నేను బస్టాండులో టీ తాగి వెళ్ళిపోతూ ఉన్నాను.

కుర్రాడితో ఇంకా చెప్పలేదు. ఇది అచ్చయితే వాడూ చదువుతాడు. చదవాలనే రాస్తున్నాను.

నాలుగు గంటలకి పాడె లేపారు. ముందు కుడివైపు వాడు భుజం పెట్టాడు. పాడె పక్కగా, వాడి వెనక నేను నడిచాను. పొలం దాకా రాళ్ళదారి, కిలోమీటరు పైనే. కొంతదూరం పోయాక మిగతా ముగ్గురూ వేరేవాళ్ళకి భుజం మార్చారు. నేను ముందుకెళ్ళి వాడి చెయ్యి పట్టుకుని, ఇక నాకివ్వరా అన్నాను. "ఉండనీన్నా" అన్నాడు, నా వైపు తిరక్కుండానే. ఆ కాలు పడిన ప్రతిసారీ పాడె వాడివైపు కొంచెం ఒరుగుతోంది, మళ్ళీ లేస్తోంది. పైన చల్లిన బంతిపూలు ఒకటొకటిగా ఆ పక్కకే జారి దారిలో పడుతున్నాయి. నేను వాటిని తొక్కకుండా, ఉత్త చేతులతో, పొలం దాకా వాడి పక్కనే నడిచాను.