ఎండ్రికాయలు కాసిన ఊట

ఆ ఎండాకాలం ఉట్నూరు దగ్గర ఒక గూడెంలో గుట్ట ఊటకు సిమెంటు గోడ కట్టించే పని నా మీద పడింది. హుజూరాబాదు నుంచి కొత్తగా వచ్చిన వర్క్ ఇన్‌స్పెక్టరును. రెండేళ్లుగా వానలు సరిగా లేవు, ఉన్న నీళ్లను కట్టడి చేసి నల్లా పెట్టమని ఆఫీసరు చెప్పారు. ఊటను చూస్తే నాకు అసహ్యం వేసింది. నాచు, బురద, కప్పలు, బొరియకో ఎండ్రికాయ.

"అంతా శుభ్రం చెయ్యుండ్రి" అన్నాను కూలీలతో.

ఊటను కనిపెట్టుకుని ఉండే గోండు ముసలామె అడ్డం వచ్చింది. "సారూ, ఎండ్రికాయల జోలికి పోకు. గవే నీళ్లకు తొవ్వ తీస్తయి."

"తొవ్వ నేను తీస్త అవ్వా, ఫికర్ చెయ్యకు" అన్నాను. డిప్లొమా చదివినవాణ్ణి కదా! ఎండ్రికాయలను బకెట్లకెత్తించి కింది వాగులో పోయించాను. అడుగున కంకర కొట్టించి, నాలుగు వైపులా గోడ లేపి, ఇత్తడి నల్లా బిగించాను.

నల్లా మూడు రోజులు పారింది. నాలుగో రోజు బుస్సుమని గాలి వచ్చింది. ఐదో రోజు పొద్దున నేనుంటున్న గుడారంలో మంచం మీంచి కాళ్లు దించితే చీలమండల దాకా నీళ్లు! చెప్పులు గుడారం వాకిట్లో తేలుతున్నాయి. ఊట నా గోడను కాదని, దిగువన నా గుడారం కింద పైకి తేలింది.

అదే రోజు ఆఫీసరు జీపులో దిగారు. నల్లా తిప్పి, "నీళ్లేవయ్యా?" అన్నారు.

"నా మంచం కింద ఉన్నయి సార్."

ముసలామె నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది. ఆఫీసరు కాసేపు నన్నూ, గోడనూ చూసి, ఆమెనే అడిగారు. "ఇగ ఏం జెయ్యాలె అవ్వా?"

"గోడ పలగ్గొట్టుండ్రి. నా ఎండ్రికాయలను నాకు తెచ్చియ్యుండ్రి."

మధ్యాహ్నమంతా వాగులో వంగి ఎండ్రికాయలు పట్టాను. "గట్ల కాదయ్యా, ఎనక నుంచి పట్టాలె" అంటూ ప్యాంటు మడిచి దిగిన ఆఫీసరు బొటనవేలిని ఒకటి పట్టుకుంది. ఆయన అన్న మాట రాయడానికి వీల్లేదు. ఫైల్లో మాత్రం "స్థానిక అనుభవజ్ఞుల సూచన మేరకు పని మార్చబడినది" అని రాశారు. ఆ అనుభవజ్ఞుల్లో ఎండ్రికాయలు ఉన్నాయో లేదో చెప్పలేదు.

గోడ పలగ్గొట్టి, ఎండ్రికాయలను మళ్లీ ఊటలో వదిలాం. ఊట కన్నును దాని మానాన వదిలేసి, మనుషులకూ గొడ్లకూ దిగువన తొట్టి కట్టాం. వానాకాలం తిరిగేసరికి పాత చోటే నీళ్లు ఊరాయి. అది ఎండ్రికాయల పుణ్యమో, నేలను మేం వదిలేసినందుకో నాకిప్పటికీ తెలియదు.

కొన్నేళ్లకు, చుట్టుపక్కల బావులెండిన ఒక వేసవిలో మళ్లీ వెళ్లాను. ధార సన్నగానైనా ఉంది. గుట్ట మీద తాము ఎవరినీ చెట్లు నరకనివ్వడం లేదని ముసలామె చెప్పింది. "చెట్లు లేకుంటే వాన నీళ్లు ఆగకుంట ఉరుకుతయి. ఊట యాడికెల్లి వస్తది?"

నేను జేబులోంచి పుస్తకం తీసి రాసుకోబోయాను.

ఆమె వింతగా చూసింది. "గింత దానికి కాయితమెందుకు సారూ?"