మిషన్లకు బొట్టు పెట్టిన ఏడు

ఎలక్ట్రానిక్ సిటీలో నేను పనిచేసిన కంపెనీ కంప్యూటర్ ఫ్లాపీలు తయారుచేసేది. ఇసుమంత దుమ్ము పడినా ఫ్లాపీ పాడైపోతుందని, మిషన్లున్న అద్దాల గదిలోకి పోయే ముందు ఆడవాళ్లం ముఖానికున్న పౌడరే కాదు, నుదుటి కుంకుమ కూడా తుడుచుకోవాలి. పెళ్లయిన వారానికే నేనూ తుడుచుకున్నాను. తలుపు దగ్గర సూపర్‌వైజర్ తడిబట్ట అందిస్తుంటే ఒళ్లు మండేది. అయినా రోజూ తుడుచుకునేదాన్ని. ఈ సంగతి మా అత్తకు ఏనాడూ చెప్పలేదు.

ఆయుధపూజకూ అదే రూలు. గుమ్మడికాయ గేటు బయట కొట్టేవాళ్లం. పూలు, కుంకుమ తలుపు దాటకూడదు కాబట్టి మిషన్లకు అద్దం ఇవతలి నుంచే హారతి చూపించేవాళ్లం.

సీడీలు వచ్చాక ఆర్డర్లు పడిపోయాయి. మూడు షిఫ్టులు ఒకటయ్యాయి. కంపెనీ మూయబోమని మేనేజర్ ప్రతి మీటింగులోనూ చెప్పేవాడు. ఆ ఏడు ఆయుధపూజ రోజు ఆయనే కుంకుమ పళ్లెం పట్టుకుని అద్దాల గదిలోకి వచ్చాడు.

"ఈసారి మిషన్లకే పెట్టండమ్మా. పూలు కూడా వేయండి," అన్నాడు.

అందరూ సంబరపడ్డారు. హిందూపురం నుంచి వచ్చిన ముసలి ఫిట్టరు మాత్రం నా పక్కనే కదలకుండా నిలబడ్డాడు.

"మిషన్ మీద కుంకుమ పెట్టమంటా ఉండాడంటే, ఇంక దీన్ని తిప్పేది లేదు మ్మా," అన్నాడు మెల్లగా.

నేను నమ్మలేదు. పళ్లెంలో వేలు ముంచి, మిషన్ నుదుట దట్టంగా బొట్టు పెట్టాను. ఆ చేతినే అలవాటుగా నా నుదుటికి పోనిచ్చాను. ఇంట్లో పెట్టుకున్న బొట్టు ఇంకా అక్కడే వేలికి తగిలింది. ఆ పొద్దున తలుపు దగ్గర నాకెవరూ తడిబట్ట ఇవ్వలేదు.